మృగశిరకు ముందు ఎర్రపూత

రోహిణి కార్తె ఎండలు ముదిరేసరికి సూరత్‌లో టింకరింగ్ షెడ్ల ముందు అంబాసిడర్లూ ఫియట్లూ డిక్కీలు తెరుచుకుని నిలబడేవి. 1970ల నుంచి 1990ల చివరిదాకా ఈ ఊళ్లో కారున్నవాళ్లకు మే నెలంటే ఈ పని నెల. లోపలి చాప తీసి ఎండలో పరిచేవారు. స్టెప్నీ టైరు బయటికి దొర్లించేవారు. జాకీ, వీల్ స్పానరు, పేలికగుడ్డలు, ఎప్పటివో తాళ్లు ఓ గోనెపట్టా మీదికి చేరేవి. ఖాళీ అయిన డిక్కీలోకి మేస్త్రీ నడుం దాకా వంగి, స్క్రూడ్రైవరు పిడితో అడుగు రేకును అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయేవాడు. రేకు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట చప్పుడు బొంగురుపోతుంది. బొంగురు వినిపించిన ప్రతిచోటా సుద్దముక్కతో సున్నా చుట్టేవాడు. ఎన్ని సున్నాలు పడుతున్నాయోనని బండి యజమాని పక్కనే నిలబడి చూసేవాడు.

"వాన పడకముందే బండి వదిలెయ్యి సేటూ, పడ్డాక తెస్తే నేను ముట్టుకోను" అని మేస్త్రీలు ఏప్రిల్ నుంచే చెప్పేవారు. అది బేరం కోసం చెప్పే మాట కాదు. మృగశిర కార్తె వచ్చిందంటే దక్షిణ గుజరాత్ మీదికి మేఘం దిగుతుంది. గాలిలో తేమ చేరాక రేకు మీద ఏ పూత వేసినా దాని కింద కంటికి కనపడని చెమ్మ మిగిలిపోతుంది. పూత పైన నిగనిగలాడుతుంది, లోపల ఇనుము తన పని తాను చేసుకుంటుంది. అందుకే గడువు మృగశిర. దానికి ముందు రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ ఎంత బాధపెట్టినా, డిక్కీకి మాత్రం అదే మందు.

సూరత్ నేల తీరు తెలిస్తే ఈ తొందర ఎందుకో అర్థమవుతుంది. ఊరు తాపీ నది ఒడ్డున ఉంది. సముద్రం ఎంతో దూరం లేదు, డుమస్ తీరమూ హజీరా రేవూ ఊరిని అంటిపెట్టుకునే ఉంటాయి. ఏడాదికి సుమారు 1200 మిల్లీమీటర్ల వాన. అందులో దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. ఆ నాలుగు నెలలూ గోడలు చెమరుస్తాయి, అగ్గిపుల్ల వెలగదు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరవుతుంది. గాలిలో తేమ అరవై శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం ఒక్కసారిగా పెరుగుతుందని ఇంగ్లండ్‌లో వెర్నన్ అనే శాస్త్రవేత్త 1930ల నాటికే ప్రయోగాలతో చూపించాడు. వానాకాలపు సూరత్‌లో తేమ ఆ హద్దు కిందికి దిగే రోజులు తక్కువ. దానికి సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు తోడవుతుంది. ఉప్పు తేమను పీల్చి రేకు మీద సన్నని నీటి పొరను ఆరనివ్వకుండా ఉంచుతుంది. ఇనుము, నీరు, ప్రాణవాయువు అక్కడ కలుసుకుంటాయి. ఉప్పు ఆ కలయికకు దారి సులువు చేస్తుంది.

కారు మొత్తంలో డిక్కీకే ఎందుకంత తుప్పు? ఇంజను రోజూ వేడెక్కుతుంది కాబట్టి బానెట్ కింద తేమ నిలవదు. మనుషులు ఎక్కి దిగుతుంటారు కాబట్టి లోపల గాలి ఆడుతుంది. డిక్కీకి ఆ రెండు అదృష్టాలూ లేవు. మూత చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు నాలుగైదేళ్ల ఎండకు గట్టిపడి పగుళ్లిస్తుంది. వెనక లైట్ల చుట్టూ ఉండే రబ్బరు వాషర్లదీ అదే గతి. ఆ సందుల్లోంచి నీరు గోడ వెంట కిందికి జారి, స్టెప్నీ కింద, చాప కింద నిలుస్తుంది. మూత వేసేసరికి లోపల చీకటి, ఉక్కపోత. అడుగున నీళ్లు పోవడానికి పెట్టిన చిన్న బెజ్జాలు మట్టితో పూడుకుపోతాయి. పైగా పాతకాలపు డిక్కీల్లో కొబ్బరిపీచు చాపో, గోనెసంచో పరిచేవారు. అవి వారాల తరబడి తడిని పట్టి ఉంచేవి.

సూరత్‌లో తెలుగు కుటుంబాలకు తుప్పుతో ఉన్న పరిచయం వేరు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలీలు చేనేత కూడు పెట్టని రోజుల్లో బొంబాయి, భివండి, షోలాపూర్ దారి పట్టినట్టే సూరత్ దారీ పట్టారు. లింబాయత్, ఉధనా బస్తీల్లో స్థిరపడి మరమగ్గాల మీద పనికి కుదిరారు. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఇంగ్లిష్, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా నడిచిందంటే ఆ వలస ఎంత పెద్దదో తెలుస్తుంది. అహ్మదాబాద్ నుంచి మద్రాసు వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌నూ వరంగల్‌నూ ఒకే పట్టాల మీద కలిపింది. పెళ్లిళ్లకూ బతుకమ్మకూ ఆ బండే దిక్కు.

మరమగ్గాన్ని వీళ్లు సాంచ అంటారు. సాంచ అంతా ఇనుమే. వానాకాలంలో సాంచాలకు నూనె రాయడం, పన్నె పళ్లకు తుప్పు పట్టకుండా చూడటం సాంచాలను సరిచేసే జాబర్ పనుల్లో ముఖ్యమైనవి. నూనె ఎక్కువైతే బట్టకు జిడ్డు మరక, తక్కువైతే తుప్పు మరక. జిడ్డు మరకను సబ్బుతోనో సోడాతోనో వదిలించవచ్చు. తుప్పు మరక ఉతుకుకు లొంగదు. ఆక్జాలిక్ ఆమ్లంతో రుద్దితే పోతుంది కానీ, రంగు వేసిన బట్టయితే రంగు చెదిరే భయం. మరక పడిన తాకా (బట్ట తాను) ధర అక్కడికక్కడే తెగిపోతుంది. నేసిన బట్టను తాకాలుగా మడిచి రింగ్ రోడ్డు మార్కెట్లకు చేర్చే ఊరు ఇది. పెద్ద సరుకు టెంపోల్లో పోయేది. నమూనాలూ, అర్జెంటు తాకాలూ, చీరల కట్టలూ కారు డిక్కీలో పోయేవి.

కాబట్టి సూరత్‌లో డిక్కీ తుప్పంటే బండి అందం చెడిపోయే సంగతి ఒక్కటే కాదు, సరుకు నష్టం. అడుగున గోధుమరంగు పొడి రాలిన డిక్కీలో తెల్లటి గ్రే (రంగు వేయని) బట్ట పెడితే, చెమ్మకు ఆ పొడి బట్టకు అంటుకుంటుంది. ఈ సంగతి సేటుకు లెక్కల పుస్తకంలో తెలిస్తే, తాకాలు మోసి డిక్కీలో సర్దే తెలుగు కూలీకి చేతివేళ్ల మీదే తెలిసేది. కట్ట దించాక అరచేతికి ఎర్రటి పొడి అంటిందంటే ఆ సాయంత్రమే కబురు షెడ్డుకు చేరేది. ఆ కార్లు ఎక్కువగా సేట్లవి. కూలీగా వచ్చి, మేస్త్రీ అయి, చివరికి సొంత సాంచాలు పెట్టుకున్న కొద్దిమంది తెలుగువాళ్లు కూడా సెకండ్ హ్యాండ్ అంబాసిడరో ఫియటో కొన్నారు. అలాంటి బండి బస్తీ మొత్తానికి పెళ్లి బండి, ఆసుపత్రి బండి.

ఆ రోజుల్లో కారును అంత పట్టుదలగా ఎందుకు కాపాడుకునేవాళ్లో ఈ తరానికి చెప్పాలి. లైసెన్సుల కాలంలో కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. కొత్తది దొరకదు కాబట్టి పాతదానికి విలువ. తండ్రి నడిపిన బండిని కొడుకు నడిపేవాడు. దేశంలో దొరికే కార్లు కూడా రెండు మూడు రకాలే. అంబాసిడర్ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ 1942లో పుట్టింది గుజరాత్‌లోనే, ఓఖా రేవులో. 1948లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాకు తరలిపోయింది. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ పేరుతో తిరిగిన బండి 1950ల చివర ఇక్కడ అంబాసిడర్‌గా మొదలై, 2014 మే నెలలో కర్మాగారం ఆగేదాకా పెద్దగా రూపు మారకుండా వచ్చింది. ఫియట్‌ను కుర్లాలో తయారుచేసిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన సంస్థ. తెలుగువారికి ఆయన ఇంకో విధంగా తెలుసు. విశాఖపట్నం నౌకానిర్మాణ కేంద్రం ఆయన పూనుకున్నదే. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948లో అక్కడినుంచి 'జల ఉష' అనే ఓడ నీళ్లలోకి దిగింది. ఉప్పునీటికీ ఇనుముకూ పడదని ఆయనకంటే బాగా తెలిసిన పారిశ్రామికవేత్త అప్పటి దేశంలో అరుదే.

అప్పటి అంబాసిడర్ రేకు మందంగా ఉండేది. బానెట్ మీద కూర్చున్నా సొట్ట పడదని చెప్పుకునేవారు. ఆ మందమే బండిని కాపాడిందన్నది సగం నిజం. మందపు రేకును తుప్పు తినడానికి ఎక్కువ ఏళ్లు పడుతుంది, అంతే. రేకు మీద జింకు పూత ఉండేది కాదు. రెండు రేకులను ఒకదాని మీద ఒకటి పెట్టి స్పాట్ వెల్డింగు చేసిన అతుకుల మధ్యకు పెయింటు చేరేది కాదు. తుప్పు పుట్టేది అక్కడే. నీరు సన్నటి సందులోకి పాకి, ఆరక, లోపల్లోపల తింటుంది. ఇనుము తుప్పుగా మారితే అంతకుముందుకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి. అది అతుకును లోపలినుంచి తోసి విప్పదీస్తుంది, పైనున్న పెయింటును బుడగలెత్తిస్తుంది. బయట బుడగ కనిపించిందంటే లోపల చాలాకాలంగా పని జరుగుతున్నట్టే. అనుభవమున్న మేస్త్రీ బుడగను చూసి రేకు వెనక్కి చెయ్యి పోనిచ్చేవాడు.

ఇక అసలు పని.

సుద్ద సున్నాలు గీశాక మొదటి మెట్టు గోకుడు. ఇనుప బ్రష్షుతో, చిన్న ఉలితో, ఆ తర్వాత ఉప్పుకాగితంతో తుప్పు ఊడినంత మేరా ఊడదీసి, కింద వెండిరంగు ఇనుము కనిపించేదాకా రుద్దాలి. ఈ పని షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాళ్లది. డిక్కీలోకి పూర్తిగా దూరి కూర్చునేంత చిన్నవాళ్లు వాళ్లే. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా సాయంత్రానికి కనురెప్పల దాకా ఎర్రపొడి. చదువుకోవాల్సిన వయసు పిల్లలు ఆ పొడి పీల్చారన్న నిజాన్ని పక్కనపెట్టి ఈ జ్ఞాపకాన్ని అందంగా చెప్పుకోవడం అన్యాయం. ఆ పనితనంలో ఎంతో భాగం వాళ్ల ఊపిరితిత్తుల మీదుగా నడిచింది.

గోకగా గోకగా కొన్నిచోట్ల వెలుతురు కనిపించేది. రేకు చిల్లిపడిందన్నమాట. అక్కడ పూతలు పనికిరావు. కుళ్లిన మేరా కత్తెరతో కోసి, అదే కొలతకు కొత్త రేకు కత్తిరించి, కొయ్య సుత్తితో వంపు తిప్పి, గ్యాస్ వెల్డింగుతో అతికేవారు. డిక్కీ అడుగు రేకుకు గట్లు గట్లుగా నొక్కులుంటాయి. రేకుకు బలమిచ్చేవి ఆ నొక్కులే. మంచి మేస్త్రీ కొత్త అతుకులో కూడా వాటిని చేత్తో కొట్టి తెచ్చేవాడు. అతుకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పెయింటు పడ్డాక కనిపించకపోతే దాన్ని ఆ షెడ్డు గొప్పగా చెప్పుకునేది. పనివాడు తొందరగాడైతే చిల్లిలో లప్పం కుక్కి పైన రంగు కొట్టేసేవాడు. ఆ మోసం మొదటి వానకే బయటపడేది, లప్పం నీరు పీల్చి ముద్దగా ఊడిపడేది.

రుద్దిన రేకును కిరోసిన్ గుడ్డతో తుడిచి ఎండకు వదిలేవారు. కొన్ని షెడ్లలో ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపిన ద్రావకం పూసేవారు. అది మిగిలిన సన్నపాటి తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మార్చి నల్లటి గట్టి పొరగా నిలుపుతుంది. ఢిల్లీలోని కుతుబ్ మినార్ పక్కన ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా నిలవడానికి దాని ఇనుములో ఉన్న ఎక్కువ ఫాస్ఫరస్ ఏర్పరిచిన పొర ముఖ్య కారణమని ఐఐటీ కాన్పూర్ లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. సూరత్ షెడ్డులో కుర్రాడు సీసాలోంచి దూదితో అద్దిందీ ఆ రసాయన కుటుంబానికి చెందినదే.

ఆ తర్వాత ఎర్రపూత. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌లో రంగునిచ్చేది ఐరన్ ఆక్సైడే, అంటే తుప్పు జాతి పదార్థమే. ఇక మారడానికేమీ మిగలని, స్థిరపడిపోయిన పొడి అది. నూనెలోనో రెజిన్‌లోనో కలిసి రేకును అంటుకుని నీటికి అడ్డంగా నిలుస్తుంది. మన పక్క ఇళ్ల కిటికీ చువ్వలకూ గేట్లకూ వేసే ఎర్రరంగు ఇదే. ఓడలకూ వంతెనలకూ ఒకప్పుడు సీసపు సిందూరం వాడేవారు. అది ఇంకా గట్టి కాపుదల ఇచ్చేది కానీ విషం. ఎర్రపూత ఒక్కసారి వేస్తే చాలదు. పలచగా వేసి, ఆరాక ఉప్పుకాగితంతో చిన్నగా రుద్ది, మళ్లీ వేయాలి. అతుకుల సందుల్లోకి సన్న కుంచెతో ఒత్తి ఎక్కించాలి. స్ప్రే గన్నుతో పని తొందరగా అవుతుంది, కానీ మూలల్లోకి కుంచె చేరినట్టు గాలి చేరదు. పాతతరం మేస్త్రీలు డిక్కీకి కుంచెనే నమ్మేవారు. బయటి రంగు పాడవకుండా చుట్టూ పాత వార్తాపత్రికలు అతికించేవారు. 1863 నుంచి సూరత్‌లో అచ్చవుతున్న 'గుజరాత్‌మిత్ర' పాత కాగితాలకు ఆ ఊరి షెడ్లలో కొరత ఎక్కడిది?

చివరిది డాంబర్. బిటుమెన్‌ను థిన్నర్‌తో పలచన చేసి, మడ్‌గార్డుల లోపలి వైపూ డిక్కీ అడుగు కిందివైపూ చిక్కగా పూసేవారు. టైరు చిమ్మే గులకరాళ్ల దెబ్బను అది తట్టుకుంటుంది, చప్పుడునూ తగ్గిస్తుంది. మే నెలలో మన ఇళ్లలో ఆవకాయ పెట్టి పైన నూనె తేలేలా చూసుకున్నట్టే ఈ పూతా. గాలికి దారి మూయడమే దాని పని, ఆ పొర ఎక్కడ తెగితే చెడు అక్కడే మొదలవుతుంది. ఆవకాయ ప్రసక్తి ఊరికే రాలేదు. ఊరినుంచి తిరిగొచ్చేటప్పుడు డిక్కీలో పెట్టిన ఊరగాయ జాడీ కుదుపులకు ఒలికి, ఉప్పూ పులుపూ చాప కింద చేరి రేకును తినేసిన కథలు తెలుగు ఇళ్లలో తక్కువేం కాదు.

డాంబర్ ఆరడానికి రెండు మూడు రోజులు ఎండ కావాలి. అన్ని రోజులూ డిక్కీ మూత తెరిచే ఉంచాలి. ఆఖరున మూత కీళ్లకు గ్రీజు, బీడింగు రబ్బరుకు టాల్కం పౌడరు. నీళ్లు పోయే బెజ్జాల్లో తీగ దూర్చి చూడటం అన్నింటికంటే ముఖ్యం. ఉత్సాహంగా డాంబర్ పూసిన కుర్రాడు ఆ బెజ్జాలను కూడా పూడ్చేస్తే చేసిన పనంతా వృథా, డిక్కీ నీటి తొట్టి అవుతుంది. దీనికంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. తుప్పు గోకకుండా దాని మీదే డాంబర్ కొట్టడం. చూడటానికి నల్లగా, కొత్తగా ఉంటుంది. లోపల చెమ్మ బందీ అయిపోయి రేకు మామూలుకంటే తొందరగా కుళ్లుతుంది. పూత వేయని బండికంటే ఇలాంటి పూత వేసిన బండే ముందు పోతుందని ఆ షెడ్లలో అందరికీ తెలుసు.

పెట్రోలు బంకుల పక్కన సర్వీసింగ్ ర్యాంపుల మీద మరో పద్ధతి నడిచేది. బండిని నీళ్లతో కడిగి, ఇంజను నుంచి దించిన పాత ఆయిల్‌లో డీజిలో కిరోసినో కలిపి అడుగంతా చిమ్మేవారు. కమాన్ పట్టీలు కిర్రుమనడం ఆగేది, తుప్పు కొన్నాళ్లు ఆగేది. కానీ ఆ నూనె రబ్బరు బుష్షులను పాడుచేసేది. మొదటి వానకు సగం కడుక్కుపోయి కాలవల్లో కలిసేది. నేల మీద పడిన ఆ నూనె ఎక్కడికీ పోదు, నీటిని పాడుచేస్తుంది. ఆ పద్ధతి పోవడం గురించి బాధపడాల్సింది ఏమీ లేదు.

ఈ ఊరికి పూతల విద్య కార్లతో రాలేదు. మొగలుల కాలంలో సూరత్ పడమటి తీరంలో పెద్ద రేవు. ఇక్కడ టేకు ఓడలు కట్టేవారు. చెక్కల అతుకుల్లో నీరు దూరకుండా, పురుగు తొలవకుండా గుగ్గిలమూ నూనెలూ సున్నమూ కలిపి ఓడ అడుక్కి పట్టించేవారు. మన తూర్పుతీరపు కోరంగిలో ఓడలు కట్టినవాళ్లకూ ఈ విద్య కొత్తది కాదు. సూరత్ ఓడల వడ్రంగి లవ్‌జీ నస్సర్‌వాంజీ వాడియా 1736లో ఈస్టిండియా కంపెనీ పిలుపు మీద బొంబాయి వెళ్లి అక్కడ ఓడల రేవు నిలబెట్టాడు. ఆయన వంశీకులు బొంబాయిలో కట్టి 1817లో నీళ్లలోకి దించిన 'ట్రింకోమలీ' ఓడ ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్ట్‌లపూల్‌లో తేలుతూ ఉంది. టేకు చెక్కలో సహజంగా నూనె ఉంటుంది. అందులో దిగ్గొట్టిన ఇనుప మేకుకు అది కాపు. ఇంగ్లండ్ వాళ్లు వాడిన ఓక్ చెక్కలో ఉండే ఆమ్లం ఇనుప మేకును తినేస్తుంది. ఇనుముకు పక్కనున్నది ఏదో చూసుకుని బతకాలని సూరత్ వడ్రంగులకు రసాయనశాస్త్రం చదవకుండానే తెలుసు.

పశ్చిమ దేశాల్లో కార్లకు ఇదే తుప్పు బాధ, కారణం వేరు. అక్కడ చలికాలంలో రోడ్ల మీది మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీరు కారు అడుగును తినేది. 1959లో డెట్రాయిట్‌లో మొదలైన జీబార్ట్ అనే కంపెనీ తుప్పు నివారణ పూతనే వ్యాపారంగా చేసుకుని దేశదేశాలకు పాకింది. డిక్కీ గోడలకూ తలుపులకూ చిన్న బెజ్జాలు వేసి, లోపలి ఖాళీల్లోకి మైనం వంటి ద్రావకాన్ని చిమ్మడం అక్కడి తీరు. సూరత్ మేస్త్రీకి అంత పరికరం లేదు. చెయ్యి దూరినంత మేరే అతని పూత చేరేది. చెయ్యి దూరని చోటును అతను కాపాడలేకపోయాడు, బండ్లు చివరికి కుళ్లింది అక్కడే.

సూరత్ బస్తీల్లో బండికి మరో శత్రువు మురుగునీరు. లింబాయత్ పక్కనుంచి పోయే మీఠీ ఖాడీ పొంగితే సందులన్నీ మడుగులయ్యేవి. బండి అడుగు రోజుల తరబడి నీళ్లలో నానేది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. తెలుగు కుటుంబాలెన్నో దొరికిన రైలెక్కి ఊళ్లకు చేరాయి. ఆ మరుసటి ఏడు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు ఊరి చెత్తనూ మురుగునూ ఊడ్చి సూరత్ రూపు మార్చారు. ఆయనకు 1998లో పద్మశ్రీ వచ్చింది. రోడ్లు బాగుపడి మడుగులు తగ్గాక కార్ల అడుగుకూ కొంత మేలు జరిగింది.

అయితే 2006 ఆగస్టు అంతా మార్చేసింది. ఉకాయ్ జలాశయం నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల దాకా నీరు వదలడంతో ఆగస్టు 7 నుంచి తాపీ ఊరి మీద పడింది. రాందేర్, అడాజణ్, కతార్‌గామ్ సహా నగరంలో ఎక్కువ భాగం మునిగింది. వీధుల్లో నిలిపిన కార్లు రోజుల తరబడి నీళ్ల కిందే ఉన్నాయి. నీరు తీశాక డిక్కీల నిండా ఒండ్రు. డిక్కీలో ఒండ్రును పారతో తీయొచ్చు. రేకులు మడిచి పెట్టెల్లా మూసిన చాసిస్ గొట్టాల్లోకీ, గడపల్లోకీ దూరిన మెత్తటి బురదను ఏ చెయ్యీ తీయలేదు. అది నెలల తరబడి తడిగా ఉండి లోపలినుంచి తిన్నది. అప్పటిదాకా ఏటా ఎర్రపూతతో నిలబెట్టుకొచ్చిన పాత బండ్లకు ఆ వరద తర్వాత పూత వేసి లాభం లేకపోయింది.

వరద లేకపోయినా ఆ కాలం వెళ్లిపోతూనే ఉంది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు చేతికిచ్చిన రోజునుంచే కారు కోసం ఎదురుచూపులు తగ్గడం మొదలైంది. 1991 తర్వాత కంపెనీలు వరసకట్టాయి, బ్యాంకులు అప్పులిచ్చాయి. ఏడెనిమిదేళ్లకు బండి మార్చేవాడికి పదిహేనో ఏట డిక్కీ ఎలా ఉంటుందన్న బెంగ అక్కర్లేదు. మరోవైపు రేకే మారింది. ఇనుము మీద జింకు పూసే పద్ధతికి ఫ్రాన్సులో సోరెల్ అనే ఆయన 1837లోనే పేటెంటు తీసుకున్నాడు. కార్ల మొత్తం బాడీకి అది చేరడానికి దాదాపు నూటయాభై ఏళ్లు పట్టింది. ఆడి కంపెనీ 1985లో తన 100 మోడల్‌కు పూర్తిగా జింకు పూత బాడీ ఇచ్చింది. జింకు తాను ముందు కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది, గీత పడినా ఆ కాపుదల ఆగదు. దానికి తోడు బాడీ మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచి విద్యుత్తుతో పూత ఎక్కించే పద్ధతి వచ్చింది. మేస్త్రీ చెయ్యి దూరని సందుల్లోకి అది దూరింది. ఇప్పుడు అలాంటి జింకు పూత రేకు సూరత్ పక్కనే, హజీరా ఉక్కు కర్మాగారంలోనే తయారవుతోంది.

చట్టం కూడా పాతబండి వైపు లేదు. వాహనాల తుక్కు విధానాన్ని ప్రధాని 2021 ఆగస్టు 13న గాంధీనగర్‌లో జరిగిన పెట్టుబడిదారుల సదస్సుకు ఆన్‌లైన్‌లో ప్రసంగిస్తూ ప్రారంభించారు. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ కొనసాగించాలంటే రుసుము 600 రూపాయల నుంచి 5000 అయింది. పొగ చిమ్మే పాత ఇంజన్లు తగ్గడం మంచిదే. దాంతోపాటు కుళ్లిన రేకు కోసి కొత్తది అతికే చేతులకు పని పోయింది, ఆ చేతులకు తెలిసిన విద్యకు వారసులు లేకుండా పోయారు. ఇంతటి పనితనాన్ని ఒక బడిలోనో ఒక పుస్తకంలోనో పదిలపరచకుండా వదిలేయడం మనం చేసుకున్న నష్టం.

సూరత్‌లో ఇప్పుడు షెడ్ల స్థానంలో ఏసీ గదుల కార్ కేర్ సెంటర్లున్నాయి. రబ్బరు కలిసిన అండర్‌కోటింగ్ డబ్బాలో సిద్ధంగా వస్తుంది, గంటల్లో బండి చేతికొస్తుంది. కొత్త బండికి అది సరిపోతుంది. పాతబండి అయితే స్ప్రే కొట్టే ముందు చాప ఎత్తి, రేకు తట్టి, బెజ్జాలు చూసే ఓపిక ఉన్న పనివాడు కావాలి. అలాంటివాడు దొరకడం కష్టమైంది. 2020 నవంబరు నుంచి హజీరా రేవులో కార్లను ఓడెక్కించి ఖంభాత్ అఖాతం దాటించి ఘోఘాలో దించుతున్నారు. ఉప్పుగాలిలో అంతసేపు నిలబడిన బండిని ఇంటికెళ్లాక మంచినీళ్లతో, ముఖ్యంగా అడుగుభాగం, కడగాలని చెప్పేవాళ్లు ఇప్పుడు తక్కువ.

తాతల నాటి అంబాసిడర్‌ను అమ్ముకోలేక దాచుకున్న కుటుంబాలు మాత్రం ఇంకా ఉన్నాయి. వాళ్లకు ఇంజను విడిభాగాలు ఎక్కడో ఒకచోట దొరుకుతున్నాయి, బీడింగు రబ్బరు మీటర్ల లెక్కన దొరుకుతోంది. డిక్కీ అడుగు రేకు ఒక్కటే ఎక్కడా తయారుగా ఉండదు. దాన్ని నొక్కులతో సహా చేత్తో కొట్టి తీయగల పాత టింకర్ కోసం విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వాకబు చేస్తున్నారు. దొరికితే అతని చేతిలో పాత రేకు ముక్కను నమూనాగా పెట్టి, పక్కన ఇంకో కుర్రాడిని కూడా నిలబెట్టి చూపించమని అడుగుతున్నారు.